ఆమ్మియాలో ఎవరున్నారు? అహ్మద్ ఫువాద్ నెగ్మ్ కవిత్వం, జీవితం

అరబ్బీలో రాసే భాష వేరు, మాట్లాడే భాష వేరు. రాసేదాన్ని ఫుస్‌హా అంటారు. అన్నిటికన్నా తేటగా, చక్కగా ఉండే పలుకు అని దాని అర్థం. మాట్లాడేదాన్ని ఆమ్మియా అంటారు. 'ఆమ్మ' అంటే మామూలు జనం. దానికి ఎదురుగా నిలబడే మాట 'ఖాస్స', అంటే పెద్దమనుషులు. ఖురాను, పాఠ్యపుస్తకం, పత్రిక, కోర్టు తీర్పు ఫుస్‌హాలో ఉంటాయి. తల్లి బిడ్డని కసిరేది, కూలీ మేస్త్రీతో పేచీపడేది, పోలీసోడు లాకప్పులో తిట్టేది ఆమ్మియాలో. భాషకి పేరు పెట్టడంలోనే ఎవరు ఎక్కడుండాలో చెప్పేశారు.

మనకిదేం వింత కాదు. గ్రాంథికాన్ని గిడుగు వెనక్కి నెట్టాక గెలిచిన భాషకి 'శిష్ట వ్యావహారికం' అని పేరొచ్చింది. వ్యావహారికం బాగానే ఉంది, ఆ శిష్టులెవరు? ఈ ప్రశ్నని తెలంగాణ రచయితలు, దళిత రచయితలు గట్టిగా అడిగాకే వాడల పలుకుబడి మన సాహిత్యంలో తలెత్తుకుని నడిచింది. ఆ అనుభవం ఉన్నవాళ్ళం కాబట్టే ఈజిప్టు ఆమ్మియా కవి అహ్మద్ ఫువాద్ నెగ్మ్ (1929-2013)ని చదవాల్సిన పని మనకుందని మేం అనుకుంటున్నాం. అక్కడి వామపక్షం ఆయన్ని ప్రజల కవి అంది. ఆ మాటతో మాకు పేచీ లేదు. ఆ ప్రజల్లో ఎవరున్నారు, ఎవరు గడప అవతలే ఉండిపోయారు అనేది మా ప్రశ్న. ఈ ప్రశ్న ఆయన్ని తక్కువ చేయడానికి వేస్తున్నది కాదు. ఇట్లా అడగడం ఆయన కవిత్వమే నేర్పుతుంది.

నైలు డెల్టాలో షర్కియా జిల్లా పల్లెలో నెగ్మ్ పుట్టాడు. పదిహేడు మంది పిల్లల్లో బతికి బట్టకట్టినవాళ్ళు కొద్దిమందే. తండ్రి పోలీసు ఉద్యోగి. ఆయన పోయాక, 1936లో, పిల్లవాణ్ణి జగాజిగ్ పట్టణంలోని అనాథాశ్రమంలో వేశారు. తల్లి ఉంది. అయినా అనాథే. తిండి పెట్టే దిక్కు లేని ఇంట్లో తల్లి ఉండడం లెక్కలోకి రాదు. 1945 దాకా అక్కడే పెరిగాడు. అదే ఆశ్రమంలో, అదే జిల్లా నుంచి వచ్చిన, ఇంచుమించు అదే వయసు పిల్లవాడు ఇంకొకడున్నాడు. అతను అబ్దుల్ హలీమ్ హాఫిజ్, తర్వాత్తర్వాత అరబ్బు దేశాలన్నిటినీ ఊపేసిన సినిమా గాయకుడు. 1952లో సైనికాధికారులు రాజుని దింపాక, నాసర్ ప్రభుత్వం చేసిన పండగలన్నిట్లో హలీమ్ గొంతే మోగింది. ఒకే ఆశ్రమంలో అన్నం తిన్న ఇద్దరిలో ఒకడు రాజ్యానికి గొంతయ్యాడు, రెండోవాడి నోరు నొక్కడం రాజ్యానికి పనయింది. పేదరికంలో పుట్టినంత మాత్రాన మనిషి ఎటు నిలబడతాడో ముందే చెప్పలేం అని ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఆశ్రమం నుంచి బయటికొచ్చి పశువులు కాశాడు. సూయజ్ కాలువ పక్కన బ్రిటిష్ సైనిక శిబిరాల్లో కూలి చేశాడు. 1951లో ఈజిప్టు బ్రిటన్‌తో ఒప్పందాన్ని రద్దు చేసుకున్నప్పుడు శిబిరాల్లో పని వదిలేసిన వేలాదిమందిలో తనూ ఒకడు. తర్వాత రైల్వేలో చేరాడు. 1959లో కాగితాలు ఫోర్జరీ చేశాడన్న కేసులో జైలుకెళ్ళాడు. దాదాపు మూడేళ్ళ శిక్ష. ఇది రాజకీయ ఖైదు కాదు. ఆయన్ని పొగిడేవాళ్ళు ఈ సంగతిని గబగబా దాటేస్తారు, లేదంటే దీనికి కూడా ఏదో ఒక విప్లవ రంగు పూస్తారు. మాకు ఆ అవసరం కనపడలేదు. జేబుదొంగలు, గంజాయి కేసులవాళ్ళు, అప్పులు కట్టలేనివాళ్ళు ఉండే మామూలు జైలు గదిలోనే ఆయన కవి అయ్యాడు. పేదవాడు కోర్టు బోనులో ఎట్లా నిలబడతాడో, అక్కడ మాట్లాడే ఫుస్‌హా చెవిలో పడ్డప్పుడు ఏమనుకుంటాడో తెలుసుకోడానికి రాజకీయ ఖైదీ కానక్కర్లేదు. జైల్లో రాసిన కవితలు 'జీవితం నుంచి, జైలు నుంచి చిత్రాలు' అనే పేరుతో సంపుటమయ్యాయి. కళల కోసం ప్రభుత్వం పెట్టిన ఉన్నత మండలి దానికి బహుమతి ఇచ్చింది. తాహా హుసేన్ శిష్యురాలు, ప్రొఫెసర్ సుహైర్ అల్-ఖలమావి ముందుమాట రాసింది. లోపల వేసిన ప్రభుత్వమే బయట దండ వేసింది. బాగా రాసే పేదవాణ్ణి ఇట్లా దత్తత తీసుకోవడం రాజ్యాలకి ఎప్పుడూ ఉన్న అలవాటే.

1962లో పాత కైరోలోని ఘూరియా పేటలో, హోష్ ఆదమ్ అనే సందులో, ఆయనకి షేఖ్ ఇమామ్ ఇసా (1918-1995) దొరికాడు. ఇమామ్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. గీజా దగ్గర అబూ నుమ్రుస్ అనే ఊరివాడు. పసితనంలో కళ్ళకి జబ్బు చేస్తే నాటువైద్యంతో చూపు పోయింది. చూపులేని పేద పిల్లవాడికి అక్కడున్న దారి ఒకటే, ఖురాను కంఠతా పట్టడం. ఆ చదువు చెప్పే మత సంస్థలో రేడియో వినడం తప్పు. రేడియోలో వచ్చే ఖురాను పఠనం విన్నాడని అతన్ని వెళ్ళగొట్టారు. తర్వాత కైరోలో పేరున్న సంగీత గురువుల దగ్గర చేరాడు. ఉమ్ కుల్సుమ్‌కి బాణీలు కట్టే జకరియ్యా అహ్మద్ దగ్గర కొన్నాళ్ళున్నాడు. పాట విడుదల కాకముందే బాణీ బయట వినపడుతోందని అనుమానమొచ్చి ఆయనా దూరం పెట్టాడు. ఒక్కసారి వింటే చాలు, బాణీ నోట్లో నిలిచిపోయే మనిషిని దొంగ అనుకున్నారన్నమాట. నెగ్మ్ కలిసే నాటికి ఇమామ్ శుభకార్యాలకి పాడి పొట్టపోసుకుంటున్నాడు. వీళ్ళతో డప్పు వాయించే మహమ్మద్ అలీ కూడా ఉండేవాడు, అతను బొమ్మలు కూడా వేసేవాడు. ముగ్గురూ ఆ సందులోనే ఉండి పనిచేశారు.

ఇక్కడో మాట. సాహిత్య చరిత్రలో నెగ్మ్‌కి అధ్యాయముంటుంది. ఇమామ్‌కి 'ఆ కవితలకి బాణీ కట్టిన అంధ గాయకుడు' అన్న వాక్యముంటుంది. డప్పు వాయించినవాడి పేరు తరచుగా జారిపోతుంది. కానీ జనం దగ్గరికి వెళ్ళింది పుస్తకం కాదు. నాసర్ కాలంలో కొద్దిరోజులు మాత్రం రేడియో వీళ్ళకి తలుపు తీసింది, తర్వాత మూసేసింది. పాటలు ఇళ్ళలో పాడినప్పుడు టేపుల మీదికెక్కాయి. ఒక కాసెట్టు నుంచి ఇంకో కాసెట్టుకి ఎక్కుతూ, అరుగుతూ, గీరుకుంటూ బేరూత్ దాకా, ట్యునీసియా దాకా పోయాయి. అక్షరం రాని మనిషికి కూడా నెగ్మ్ అందింది ఇమామ్ గొంతు వల్ల. ఎవరు కవి, ఎవరు వట్టి పాటగాడు అనే లెక్క మనకి బాగా పరిచయం. 1995లో వచ్చిన దళిత కవిత్వ సంకలనం 'చిక్కనవుతున్న పాట' అని పేరు పెట్టుకుంది గదా. పాట అనే మాటని కవిత్వం కింద మెట్టు మీద కూచోబెట్టడాన్ని ఒప్పుకోని పేరది.

నెగ్మ్ రాసినవాటిలో మమ్మల్ని ఎక్కువగా ఆపినది గువేరా మీద పాట కాదు, అదే ఎక్కువ ప్రచారంలో ఉన్నా. 'అమ్మగారి కుక్క' అనే అర్థం వచ్చే కవిత మమ్మల్ని ఆపింది. దాని వెనక జరిగిన సంగతి ఇది. కైరోలో డబ్బున్నవాళ్ళుండే జమాలెక్‌లో ఉమ్ కుల్సుమ్ బంగళా ఉండేది. ఆ దారిన పోతున్న ఒక మామూలు విద్యార్థిని ఆమె కుక్క కరిచింది. కేసయింది. దేశానికి ఆమె చేసిన సేవ గొప్పదని చెప్పి కేసు మూసేశారు. అంటే యజమానురాలి కీర్తి కుక్కకి కూడా రక్షణ ఇచ్చింది. నెగ్మ్ దీన్ని అనగనగా అన్నట్టు, ముసలమ్మ చెప్పే కథలాగా మొదలుపెడతాడు. కోపం ఎక్కడా పైకి కనపడదు. కరిచిన కుక్క మర్యాద, కరిపించుకున్నవాడి తప్పు, అధికారుల వినయం, అన్నిటినీ అమాయకంగా చెప్పుకుంటూ పోతాడు. ప్రభుత్వ కాగితాల్లో రాసే న్యాయం వీధి నోట్లో పడేసరికి దాని బట్టలు ఊడిపోతాయి. అదే విషయాన్ని ఫుస్‌హాలో రాసి ఉంటే ఒక నిరసన పద్యం అయ్యేది. ఆమ్మియాలో అది సాక్ష్యమయింది. కరిపించుకున్నవాడు ఏ భాషలో మూలుగుతాడో ఆ భాషలోనే కేసు మళ్ళీ విచారణకొచ్చింది.

కుక్కకున్న విలువ మనిషికి లేని ఊళ్ళ నుంచి వచ్చిన పాఠకులకి ఈ కవిత విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి మాత్రం చెప్పాలి. ఉమ్ కుల్సుమ్ కూడా డెల్టా పల్లెలో పేద ఇమాము కూతురే. మేడ మీదికెక్కినామెని వెక్కిరించేటప్పుడు నెగ్మ్ మాటల్లో మేడ మీద కోపంతో పాటు ఆడమనిషి మీద చులకన కూడా కలిసిపోయింది. దాని గురించి మళ్ళీ వస్తాం.

1967లో ఇజ్రాయెల్ చేతిలో ఆరు రోజుల్లో ఓడిపోయాక ఈజిప్టులో గొంతులన్నీ ఒక్కసారి పడిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నెగ్మ్, ఇమామ్‌ల పాట పెద్దగా వినపడింది. ఓడి తిరిగొచ్చిన ఆఫీసర్లకి పెళ్ళివారికి ఎదురెళ్ళినట్టు ఎదురెళ్ళి ఎగతాళి చేసిన పాట అప్పటిదే. 1969లో ఇద్దర్నీ నిర్బంధించారు. నాసర్ 1970లో చనిపోయాక, 1971లో గానీ బయటికి రాలేదు. ఇక్కడ ఇంకొక ఆమ్మియా కవిని గుర్తుచేసుకోవాలి. సలాహ్ జాహీన్ (1930-1986), మంచి కవి, కార్టూనిస్టు. 1956 సూయజ్ యుద్ధంలో ఆయన రాసిన పాట 1960 నుంచి 1979 దాకా ఈజిప్టు జాతీయ గీతం. అది ఆమ్మియాలో ఉంది. చూడండి, రాజ్యం జెండా కింద నిలబడి పాడే పాట ఆమ్మియాలో, రాజ్యం జైల్లో పెట్టిన పాట కూడా ఆమ్మియాలో. నాసర్ ఉపన్యాసాల్లో జనం దగ్గరికి జరగాల్సినప్పుడు ఫుస్‌హా నుంచి ఆమ్మియాలోకి దిగేవాడు. సాదత్ అయితే పల్లె జుబ్బా వేసుకుని ఫోటోలు దిగి, పల్లె నీతులు చెప్పేవాడు. వాడుక భాషలో రాయడమే ఒక రాజకీయం అనుకునే మన మిత్రులు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి. పాలకులకి కూడా వాడుక భాష వచ్చు. ఓట్ల కాలంలో మన వాడల్లోకి వచ్చేవాళ్ళు గ్రాంథికంలో మాట్లాడతారా?

నెగ్మ్‌కి ఇది బాగా తెలుసు. అందుకే సాదత్ కాలంలో ఆయన రాసిన మంచి పాటలన్నీ పాలకుడి గొంతుని అనుకరించేవే. 1974లో నిక్సన్ కైరో వచ్చినప్పుడు, 1975లో ఫ్రెంచి అధ్యక్షుడు జిస్కార్ దెస్తేన్ వచ్చినప్పుడు స్వాగత గీతాలు రాశాడు. దొరగారు వచ్చారు, ఇక ఆకలన్నదే ఉండదు అని పొగుడుతూ పోయే పాటలు. వినేవాడికి పొట్ట పట్టుకుని నవ్వొస్తుంది, తర్వాత పొట్టే గుర్తొస్తుంది. 1977 జనవరిలో ప్రభుత్వం రొట్టె మీద, నిత్యావసరాల మీద సబ్సిడీలు ఎత్తేయబోతే రెండు రోజులు ఊళ్ళన్నీ రగిలిపోయాయి. సబ్సిడీలు మళ్ళీ ఇచ్చారు, వేలమందిని పట్టుకెళ్ళారు. ఆ ఏడాదే నెగ్మ్ 'ముఖ్య ప్రకటన' అనే కవితలో అధ్యక్షుడి రేడియో ప్రసంగాన్ని అచ్చంగా దింపాడు. 1978లో సైనిక కోర్టు ఏడాది శిక్ష వేసింది. ఒక గొంతుని అనుకరించినందుకు సైనిక కోర్టు. మొత్తం మీద ఆయన జీవితంలో పద్దెనిమిదేళ్ళు జైళ్ళలో పోయాయని లెక్క చెబుతారు.

సాదత్ ఆయన్ని బూతు కవి అన్నాడు. ఈ తిట్టు మీద మనకి హక్కుంది. దళిత కవులు తిన్న తిట్లలో మొదటిది అదే. పెద్దవాళ్ళ ఇళ్ళలో జరిగేది బూతు కాదు, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పిన మాట బూతు. నెగ్మ్ బూతు వాడాడు, నిజమే. ఎక్కడ వాడాడో చూడాలి. ఆయన తిట్టు ఎప్పుడూ పైకి పోతుంది. కూలి మనిషి నోట్లోంచి ఆఫీసరు మీదికి పోయే తిట్టుకీ, ఆఫీసరు నోట్లోంచి కూలి మీదికి దిగే తిట్టుకీ మాట ఒకటే అయినా బరువు ఒకటి కాదు.

ఆమ్మియా కవిత్వం నెగ్మ్‌తో పుట్టలేదు. పన్నెండో శతాబ్దంలో కార్డోబాలో ఇబ్న్ ఖుజ్మాన్ వాడుక అరబ్బీలో జజల్ రాశాడు. నెగ్మ్‌కి నిజమైన పెద్దన్న బైరమ్ అల్-తూనిసి (1893-1961). అలెగ్జాండ్రియా మునిసిపాలిటీ పన్నుల మీద ఎగతాళి పాటతో పేరు తెచ్చుకున్నాడు. రాజకుటుంబాన్ని వెక్కిరించి దేశం నుంచి వెళ్ళగొట్టించుకున్నాడు. ఫ్రాన్సులో కూలి చేసి బతికి, 1938లో తిరిగొచ్చాడు. ఇంత చరిత్ర ఉన్నా పండితులు దీన్ని 'జజల్' అనేవారు, 'షిఅర్' అనేవారు కాదు. కవిత్వం అనే పేరు ఫుస్‌హాకే. జాహీన్, ఫువాద్ హద్దాద్ తరం 1950లలో 'ఆమ్మియా కవిత్వం' అనే మాటని పట్టుబట్టి నిలబెట్టింది. నెగ్మ్ ఆ తలుపు తీసి ఉన్నాకే లోపలికొచ్చాడు.

ఆమ్మియాని వద్దన్నవాళ్ళందరూ దురహంకారులు అనుకుంటే మాత్రం పొరపాటు. 1893లో ఒక బ్రిటిష్ నీటిపారుదల ఇంజనీరు, విలియం విల్‌కాక్స్, ఈజిప్షియన్లకి కొత్తది కనిపెట్టే శక్తి పోవడానికి కారణం ఫుస్‌హానే, దాన్ని వదిలేసి వాడుక భాషలో రాయండి అని ఉపన్యాసమిచ్చాడు. దేశాన్ని ఆక్రమించుకున్నవాడొచ్చి నీ భాష మార్చుకో అంటే ఎవరికి అనుమానం రాదు? దాంతో ఆమ్మియా మాట ఎత్తినవాళ్ళ మీద పరాయివాడి మనిషి అన్న ముద్ర చాలాకాలం ఉండిపోయింది. రెండోది, తాహా హుసేన్ (1889-1973). ఎగువ ఈజిప్టు పల్లెలో పసితనంలోనే చూపు పోయిన పిల్లవాడు. ఇమామ్‌కి జరిగిందే ఆయనకీ జరిగింది. కానీ ఆయన ఫుస్‌హాని పట్టుకుని అజహర్ దాటి, పారిస్ వెళ్ళి, 1950లో విద్యామంత్రి అయ్యాడు. నీళ్ళలాగా, గాలిలాగా చదువు అందరిదీ అని వాదించి బడి జీతాలు ఎత్తేయించాడు. ఆమ్మియాలో సాహిత్యం రాయడాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. పేదలకి ఫుస్‌హా ఇవ్వాలి, ఆమ్మియాలో వదిలేయకూడదు అన్నది ఆయన పట్టు.

ఈ వాదాన్ని మేం కొట్టిపారేయలేం. జాషువా 'గబ్బిలం' రాసింది ఏ భాషలో? ఎవరు తాకనివ్వలేదో వాళ్ళ ఛందస్సునే చేతిలోకి తీసుకుని, వాళ్ళ సభల్లోనే నిలబడి పాడాడు. 1941 నాటికి అది ధిక్కారం. దాన్ని పాత పద్యం అని పక్కన పెట్టడం తేలిక, కానీ అన్యాయం. అట్లాగని తాహా హుసేన్ మాట పూర్తిగా నిలబడదు కూడా. నిచ్చెన ఇస్తానన్నవాడు మంచివాడే. నిచ్చెన ఎక్కనివాడు ఉన్నచోటే నిలబడి మాట్లాడితే వినాలా వద్దా అన్న దానికి ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు ఇమామ్ ఊద్‌తో ఇచ్చాడు.

ఇప్పుడు మా మొదటి ప్రశ్నకి వద్దాం. నెగ్మ్ ఆమ్మియా ఎవరి ఆమ్మియా? ఆయన డెల్టా పల్లెవాడే అయినా పాటలు నిలబడ్డది కైరో వీధి పలుకులో. రేడియో, సినిమా వల్ల అరబ్బు దేశాలన్నిటికీ అర్థమయ్యే పలుకది. దక్షిణాన, ఎగువ ఈజిప్టు పలుకుని సయీదీ అంటారు. కైరో సినిమాల్లో, జోకుల్లో సయీదీ అంటే మొద్దు. కైరో మేడల కింద కాపలా కూచునేవాడు, ఇటుకలు మోసేవాడు సయీదీ. అంటే ఆమ్మియాకి కూడా ఒక ఆమ్మియా ఉంది. ఆ పలుకుని కవిత్వంలోకి తెచ్చినవాడు ఖెనా జిల్లా అబ్నూద్ ఊరి అబ్దుర్రహ్మాన్ అల్-అబ్నూదీ (1938-2015). 1969లో ఆయన ఒక పుస్తకం తెచ్చాడు. జబలాయత్ అల్-ఫార్ అనే పల్లె నుంచి అస్వాన్ డ్యాము పనికి వలసపోయిన హరాజీ అల్-గుత్ అనే కూలీ, ఊళ్ళో ఉన్న భార్య ఫాత్నా, వాళ్ళిద్దరి మధ్య నడిచే ఉత్తరాలు, అంతా సయీదీలో. డ్యాము మీద ఎన్నో వీరగీతాలొచ్చిన కాలమది. ఆ గీతాల్లో కూలీ కండలున్న విగ్రహం. అబ్నూదీ పుస్తకంలో కూలీకి ఇల్లు గుర్తొస్తుంది, భార్యకి కోపమొస్తుంది. పాలమూరు వలస గురించి ఆలోచించేవాళ్ళు ఈ పుస్తకం చదవాలి. ఇంకో సంగతి, ఇందులో ఫాత్నా జవాబు చెబుతుంది. నెగ్మ్ పాటల్లో ఆడమనిషి ఎక్కువగా ఈజిప్టు తల్లి, బహియ్యా అనే పేరున్న దేశమాత. ఆమె కోసం కొడుకులు జైలుకి పోతారు. ఆమెని అందరూ పిలుస్తారు, ఆమె ఎవరికీ ఎదురు చెప్పదు. దేశాన్ని తల్లి చేసి, తల్లిని మూగదాన్ని చేయడం మన విప్లవ గీతాల్లో కూడా చూశాం. ఉమ్ కుల్సుమ్ మీద చులకన దగ్గర మేం ఆగింది ఇందుకే.

అబ్నూదీ దగ్గర కూడా ఒక ఖాళీ ఉంది. అదే డ్యాము కోసం 1963-64లో దాదాపు 50,000 మంది ఈజిప్టు నూబియన్లని వాళ్ళ ఊళ్ళ నుంచి లేపి కోమ్ ఓంబో దగ్గర పడేశారు. వాళ్ళ ఊళ్ళు నీళ్ళకింద ఉన్నాయి. నల్లవాళ్ళు, కైరోలో వంటవాళ్ళుగా, తలుపు దగ్గర కాపలావాళ్ళుగా బతికినవాళ్ళు. వాళ్ళింట్లో మాట్లాడేది అరబ్బీయే కాదు, నూబియన్ భాషలు. ఫుస్‌హా ఎంత పరాయిదో ఆమ్మియా కూడా వాళ్ళకి అంతే పరాయిది. ప్రజల భాష అని మనం చప్పట్లు కొట్టే చోట, ఆ భాష కిందనే ఇంకొకళ్ళ నాలుక నలిగిపోతుంటుంది. నూబియన్ల నుంచి వచ్చిన తొలి నవల, మహమ్మద్ ఖలీల్ ఖాసిమ్ జైల్లో రాసిన 'అల్-షమందూరా' (1968), 1930లలో పాత అస్వాన్ ఆనకట్టని ఎత్తు పెంచినప్పటి ముంపు గురించినది. అది కూడా అరబ్బీలోనే రావాల్సి వచ్చింది.

ఇంకా కిందికి పోదాం. ఆమ్మియాలో అన్నిటికన్నా పెద్ద కావ్యం పుస్తకంలో లేదు. బనూ హిలాల్ తెగ వలసల గాథ అది. రబాబా తీగ మీద రాత్రులకి రాత్రులు పాడతారు. అబ్నూదీ దశాబ్దాలు తిరిగి దాన్ని సేకరించాడు. 2003లో యునెస్కో దాన్ని మానవజాతి సంపద అంది. మరి పాడేవాళ్ళెవరు? డెల్టాలో అల్-బకాతూష్ అనే ఊరుంది. కవుల ఊరని పేరు. అక్కడ ఈ గాథని వంశపారంపర్యంగా పాడే కుటుంబాలుండేవి. అమెరికన్ పరిశోధకుడు డ్వైట్ రెనాల్డ్స్ 1980లలో వాళ్ళ దగ్గరుండి నేర్చుకుని, 1995లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకం చదువుతుంటే మా గుండె ఒక్కసారి ఆగింది. రైతులు తెల్లవార్లూ కూచుని ఆ గాథ వింటారు, అబూ జైద్ వీరత్వానికి ఊగిపోతారు. పాడినవాణ్ణి మాత్రం సంచార జాతివాడని, తక్కువవాడని చూస్తారు. వాళ్ళకి పిల్లనివ్వరు, వాళ్ళ పిల్లని చేసుకోరు. ఆ గాయకులకి తమలో తాము మాట్లాడుకునే మారుమాటల భాష వేరే ఉంది. గాథానాయకుడు అబూ జైద్ నల్లగా పుట్టాడని తల్లితో సహా గెంటేయించుకున్నవాడు. ఆ కథని గెంటేయబడ్డవాళ్ళు పాడుతుంటే గెంటినవాళ్ళు కూచుని వింటున్నారు.

అక్కడ కులం ఉందని మేం అనడం లేదు. మన వ్యవస్థకి ఉన్న శాస్త్రమూ, అంటు లెక్కలూ వేరు. కానీ కళని లోపలికి తీసుకుని కళాకారుణ్ణి బయట నిలబెట్టే ఆ పద్ధతి మనకి చాలా దగ్గరిది. ఇందులో ఇంకో చేదు కూడా ఉంది. మన చిందు, డక్కలి గాయకులు జాంబపురాణం పాడింది ఎవరి వాకిట్లో? మాదిగల వాకిట్లో. వాళ్ళకి కింద ఎవరు పీట వేశారు, ఎవరు వేయలేదు అన్న లెక్క అగ్రకులాల మీదే తోసేయడం కుదరదు. నెగ్మ్ మీద మేం వేస్తున్న ప్రశ్న ఈ పత్రిక మీద కూడా వేసుకోవాల్సిందే. ఇందులో చిందు వాళ్ళు, డక్కలి వాళ్ళు ఎంతమంది రాస్తున్నారు?

నెగ్మ్, ఇమామ్‌లు 1980ల మధ్యలో విడిపోయారు. ఆ గొడవల వివరాల జోలికి మేం పోం. ఇమామ్ 1995లో ఆ పాత సందు మనిషిగానే పోయాడు. నెగ్మ్ చివరి ఏళ్ళు కైరో అంచున, ముఖత్తమ్ కొండ దగ్గర, ప్రభుత్వం కట్టిన పేదల ఇళ్ళలో గడిచాయి. 2007లో ఐక్యరాజ్యసమితి తరఫున పేదల రాయబారి అని బిరుదిచ్చారు. 2011లో తహ్రీర్ మైదానంలో లక్షలమంది ఆయన పాటలు పాడారు. పాడినవాళ్ళలో సగంమంది ఆ పాటలు పుట్టినప్పటికి పుట్టనే లేదు. 2013లో మోర్సీ ప్రభుత్వాన్ని సైన్యం దింపితే ఆయన సమర్థించాడు, అబ్నూదీ కూడా సమర్థించాడు. ఆఫీసర్లని అంతగా వెక్కిరించిన నోటి నుంచి ఆ మాట రావడం మాకు కష్టంగానే ఉంది. ముసలితనం అనో, మతవాదుల మీద భయం అనో సర్దిచెప్పేవాళ్ళున్నారు. ఆ భయం నిజమే కావచ్చు. కానీ ఆయన పాటల్ని ఆయన కన్నా బాగా నమ్మినవాళ్ళు ఆ తర్వాత జైళ్ళకి పోయారు. ఆయన 2013 డిసెంబరులో చనిపోయాడు.

2018లో గలాల్ అల్-బెహైరీ అనే యువ ఆమ్మియా కవిని పట్టుకెళ్ళారు. అధ్యక్షుడు సీసీని 'బలహా', అంటే ఖర్జూరం పండు, అన్న ముద్దుపేరుతో వెక్కిరించిన పాట రాసింది అతనే. పాడిన రామీ ఇసామ్ అప్పటికే స్వీడన్‌లో ప్రవాసంలో ఉన్నాడు. సైన్యాన్ని అవమానించాడని బెహైరీ కవితల పుస్తకం మీద సైనిక కోర్టు మూడేళ్ళ శిక్ష వేసింది. 2021 జూలైలో శిక్ష ముగిసింది, వదిలిపెట్టకుండా కొత్త కేసు పెట్టారు. ఆ పాటకి వీడియో తీసిన షాదీ హబాష్ విచారణే లేకుండా రెండేళ్ళకి పైగా తోరా జైల్లో ఉండి, 2020 మే 2న అక్కడే చనిపోయాడు. అతనికి ఇరవై నాలుగేళ్ళు.